దొంగకైతే ఏడాదే

బియ్యం బస్తా దొంగిలించాడని మేదరి సింహాద్రికి ఏడాది చెర వేశారు. తాను తియ్యలేదని అతను పై కొలువులో మొరపెట్టుకున్నాడు. విచారణ ముగిసేదాకా మొరపెట్టినవాడు చెరలోనే ఉండాలనేది ఆ రాజ్యపు ఆచారం. వాయిదాల మీద వాయిదాలు పడి నాలుగేళ్లు గడిచాయి.

చివరికి అతని భార్య నూకాలు ధర్మాధికారి ముందు నిలబడింది.

"మొర వెనక్కి తీసుకుంటున్నాం దొరా. నా మొగుడు దొంగే."

ధర్మాధికారి నవ్వాడు. "ఇన్నాళ్లకు ఒప్పుకున్నావన్నమాట!"

"దొంగకు మీరు వేసింది ఏడాదే కదా దొరా. అది తీరి మూడేళ్లయింది. తప్పు చెయ్యలేదన్నవాడికే గడువు లేదు."

ధర్మాధికారి పాత తీర్పు తీయించి చూశాడు. చెర తలుపు తెరిపించక తప్పలేదు.

వాకిట్లోనే సింహాద్రి ఏడ్చాడు. "నేను తియ్యలేదే, నూకాలూ!"

"నాకు తెలుసయ్యా. గట్టిగా అనకు, మళ్లీ విచారిస్తామంటారు."