కూర్మారావు పొయ్యి కొన్న వైనం

"రుచి పోయిన పనిని ఎందాకా చెయ్యాలి గురువుగారూ?" అని అడిగింది తారకేశ్వరి.

ఆవిడ బొబ్బిలిలో ఒక కాలేజీలో లైబ్రేరియన్. ఆదివారం పొద్దుట సన్యాసయ్యగారి వరండాలో జరిగే గీతాపాఠానికి చాలా ఏళ్ళుగా వస్తోంది. సన్యాసయ్యగారు పేరుకే సన్యాసి. భార్య, మనవలు, మోకాళ్ళ నొప్పులు అన్నీ ఉన్న నిండు సంసారి. ఆయన ఇచ్చిన మంత్రాన్నే తారకేశ్వరి రోజూ తెల్లవారుతూనే జపం చేసుకుంటుంది. మొదట్లో కళ్ళు మూసుకుంటే చాలు, ఒళ్ళు పులకరించేదట. ఇప్పుడా పులకరింత లేదు. చేతిలో మాల తిరుగుతూ ఉంటుంది, మనసు ఇంట్లో సరుకుల మీదికీ, కాలేజీలో తగువుల మీదికీ పోతుంది. ఎవరో కొత్త పద్ధతిలో ధ్యానం నేర్పుతున్నారని విని, ఇది వదిలేసి అందులో చేరదామా అనుకుంటోంది. మంత్రం ఇచ్చిన మనిషి ఎదుటే ఆ మాట అనడానికి ఆవిడ ఎంత గుంజాటన పడిందో గొంతు వింటేనే తెలిసింది. విన్న మాకే భయం వేసింది.

గురువుగారు ఏదో శ్లోకం ఎత్తుకుంటారనుకున్నాం. ఆయన వాదించే మనిషి కాదని తెలిసి కూడా ప్రతిసారీ అలాగే అనుకుంటాం. ఆయన కండువాతో కళ్ళజోడు తుడుచుకుని, "మా పక్కింటి కూర్మారావు పొయ్యి కొన్నాడమ్మా. నేనూ కూడా వెళ్ళాను" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇదీ.

కూర్మారావు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆరడుగుల మనిషి. మైదానం ఈ కొసన నిలబడి అరిస్తే ఆ కొసన పిల్లలు బిగుసుకుపోతారు. ఆయన భార్య నీలవేణి ఆసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీకి పగలని, రాత్రని నియమం లేదు కాబట్టి పెళ్ళయిన కొత్తలోనే వంటిల్లు కూర్మారావు చేతికి వచ్చింది. వచ్చాక ఆయన దాన్ని మరి వదల్లేదు. వండుతూ వండుతూ నాలిక మీద వేసుకుని చూడటం ఆయనకు నామోషీ. మూత తీసి ఒక్కసారి గట్టిగా పీల్చి, "ఉప్పు చాల్లేదు" అనేవాడు. ఉప్పుకి వాసనేమిటని నవ్వినవాళ్ళు కూడా తిన్నాక నోరు మూసుకునేవారు.

అలాంటి మనిషికి ఒక వర్షాకాలం జ్వరం వచ్చింది. అది తగ్గుతూ తగ్గుతూ ముక్కులో ఉన్న వాసన కాస్తా పట్టుకుపోయింది. వస్తే రావచ్చు, రాకపోతే రాదు అన్నాడు డాక్టరు. వాసనతోపాటు రుచీ పోయింది. అన్నంలో నెయ్యి వేసినా ఆముదం వేసినా ఆయనకు ఒకటే. ఆ డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళి వచ్చాడు, ఇంట్లో మాత్రం చెప్పలేదు. అంత పేరున్న ముక్కు పనిచెయ్యడం లేదని ఏ నోటితో చెబుతాడు? అలవాటు కొద్దీ వండుతూ పోయాడు.

ఒకరోజు పొద్దుట పొయ్యి మీద పప్పు పెట్టి, ముందు గదిలో గడ్డం గీసుకుంటున్నాడు. పప్పు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నీలవేణికి గుమ్మంలోనే గుప్పుమంది. పరుగున వెళ్ళి సిలిండరు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, మొగుడి రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది.

"ఏటండీ ఇది! ఇల్లంతా గ్యాసు కమ్మేస్తే మీకు తెలీలేదేటి?"

సగం గీసిన గడ్డంతో కూర్మారావు వీధిలో నిలబడి, "నాకు వాసన తెలీదే నీలా. జొరమొచ్చినప్పట్నుంచీ తెలీదు" అన్నాడు.

ఎన్ని ప్రమాదాలు చూసిన నర్సయినా ఆవిడ మెట్టు మీద కూలబడి ఏడ్చింది. లేచాక మాత్రం ఒకటే మాట. "ఇంక మీరు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు."

ఆయన వెళ్ళలేదు. కర్రీ పాయింటు నుంచి కూరలు వచ్చేవి. కూర్మారావు వాటికి వంక పెట్టలేదు, పెట్టడానికి రుచి తెలిస్తే కదా. కానీ మనిషి డీలా పడిపోయాడు. బడి నుంచి రాగానే వంటింట్లోకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న గట్టునే మళ్ళీ తుడిచి వచ్చేవాడు. అరిస్తే పిల్లలు బిగుసుకోవడం లేదని బడిలోనూ చెప్పుకున్నారు. వాళ్ళింటికి వెళ్తే పరామర్శకు వెళ్ళినట్టు ఉండేదని సన్యాసయ్యగారు అన్నారు.

చివరికి నీలవేణే దిగి వచ్చింది. "పోనీ మంటా గ్యాసూ లేని ఇండక్షన్ పొయ్యి కొందాం. దాని మీదయితే వండుకోండి" అంది. అని, ఉండబట్టలేక మళ్ళీ అడిగింది. "రుచే తెలీనప్పుడు వండి ఏటి సుఖమండీ మీకు?"

"తినేవాళ్ళకి తెలుస్తాది కదేటి" అన్నాడు కూర్మారావు.

షాపుకి బయల్దేరుతూ సన్యాసయ్యగారిని కూడా పిలిచాడు. "మీరూ రండి గురువుగారూ. అక్కడ నేను నోరు పారేసుకుంటే ఆపడానికి ఒకరుండాల" అన్నాడు. గురువుగారికి షాపులో స్టూలు వేశారు, టీ ఇచ్చారు. ఆయన ఆపడానికి వెళ్ళిన మనిషే గానీ ఆసాంతం నోరు విప్పలేదు.

షాపతను ముందుగా నాలుగు బర్నర్ల గ్లాస్ టాప్ గ్యాసు పొయ్యి చూపించాడు. నల్లగా నిగనిగలాడుతోంది, ఒంగితే ముఖం కనిపిస్తోంది. కూర్మారావు భుజానికి వేసుకొచ్చిన సంచిలోంచి అన్నం గిన్నె, కూర మూకుడు, పోపుగరిట ఒక్కొక్కటే తీశాడు. షాపతను బిత్తరపోయాడు. అన్నం గిన్నె ఒక బర్నరు మీద, మూకుడు ఇంకోదాని మీద పెట్టేసరికి మిగతా రెండూ సగం సగం మూసుకుపోయాయి. "పేరుకి నాలుగు, పనికి రెండు. నా ముఖం చూసుకోడానికి ఇంట్లో అద్దం ఉంది బాబూ" అని దాన్ని పక్కన పెట్టించాడు.

తర్వాత ఇండక్షన్. నీలవేణి దగ్గరికి జరిగి నిలబడింది. పోపుగరిటకు అడుగు చదునుగా లేదు కాబట్టి ఆ పొయ్యి ఒప్పుకోలేదు. షాపతనే బల్లపరుపు గిన్నె ఒకటి ఇచ్చాడు. కూర్మారావు అందులో సంచిలో తెచ్చుకున్న నూనె, ఆవాలు, నాలుగు మెంతులు వేసి, తల పక్కకి వంచి చెవి దగ్గర పెట్టాడు. పొయ్యి లోపల ఫ్యాను బుయ్యిమంటోంది. ఆవాలు ఎప్పుడు చిటపటమన్నాయో, ఎప్పుడు ఆగాయో ఆయనకు అందలేదు. చూస్తూండగానే మెంతులు నల్లబడ్డాయి. నీలవేణి, షాపతను దగ్గుతున్నారు. వాళ్ళు దగ్గితేనే గానీ పోపు మాడిందని ఆయనకు తెలియలేదు. ఆయన ముఖం చిన్నబోవడం సన్యాసయ్యగారు చూశారు.

"పొయ్యి మంచిదే. ముక్కున్నోళ్ళకి పనికొస్తాది" అన్నాడు కూర్మారావు. "నాకు ముక్కు ఎలాగూ పోయింది. ఇది చెవిని కూడా కప్పేస్తంది."

"అయితే ఏటంటారు? మళ్ళీ గ్యాసేనా?" అని నీలవేణి గుమ్మం వైపు నడిచింది. ఆ క్షణంలో అన్నీ వదిలేసి ఇంటికి వెళ్ళిపోయినా ఆశ్చర్యం లేదు. వెళ్ళిపోయి ఉంటే ఆ ఇంట్లో పొయ్యి మరి వెలిగేది కాదు.

"ఒక్కసారి వచ్చి ఇక్కడ నిలబడు నీలా. పొయ్యి కేసి చూడకు. నా కేసి చూడు" అన్నాడు కూర్మారావు.

గోడ వారన గ్యాసు కనెక్షన్ ఇచ్చి ఉంచిన పొయ్యిలు ఉన్నాయి. షాపతను ఒకటి వెలిగించాడు. "ఆర్పండి" అన్నాడు కూర్మారావు. అతను మర తిప్పబోయాడు. "అలగ కాదు. పప్పు పొంగి ఆరినట్టు ఆర్పాల" అంటూనే టేబులు మీద ఉన్న గ్లాసెడు నీళ్ళూ ఆ మంట మీద కుమ్మరించేశాడు. మంట చప్పున ఆరింది. కూర్మారావు పొయ్యిని చూడటం లేదు, భార్య ముఖాన్నే చూస్తున్నాడు. ఆవిడ ముక్కు చిట్లించింది, కనుబొమలు ముడిపడ్డాయి, కొంగు ముఖానికి అడ్డం వచ్చింది. "ఇది వద్దు. కట్టేయండి" అన్నాడాయన.

గది గాలి మారేదాకా ఆగి, రెండో పొయ్యి వెలిగించారు. మూడు బర్నర్లది, బర్నరుకీ బర్నరుకీ మధ్య ఎడం ఉంది. ప్రతి బర్నరు పక్కనా చిన్న పుల్లలాంటిది నిలబెట్టి ఉంది. దానికి సెగ తగులుతున్నంతసేపే గ్యాసు వస్తుందని, సెగ ఆగితే లోపల గ్యాసు దానంతటదే మూసుకుంటుందని షాపతను చెబుతూండగానే కూర్మారావు నీళ్ళు పోసేశాడు. నీలవేణి ముక్కు కాస్త ముడుచుకుంది. అందరూ చెవులు రిక్కించారు. అంతలో పొయ్యి లోపల టక్‌మని ఒక చప్పుడు. ఆవిడ ముఖం మెల్లగా విప్పారింది.

"విన్నాను" అన్నాడు కూర్మారావు. గొంతులో మైదానం నాటి బలం వచ్చేసింది.

రెండో బర్నరు మీద పోశాడు. టక్‌మంది. మొదటిదాన్ని తుడిపించి మళ్ళీ పోశాడు. "మాస్టారూ, అది అమ్ముకునే సరుకండీ, అభిషేకం చేసేస్తన్నారు" అని షాపతను మొత్తుకున్నాడు. సన్యాసయ్యగారి టీ అప్పటికే చల్లారింది, ఆయన దాని సంగతే మరిచిపోయారు. ఆ తర్వాత గ్లాసు నీలవేణి అందుకుంది. మూడో బర్నరు మీద తనే పోసి, కళ్ళు మూసుకుని నిలబడింది. చప్పుడు విన్నాక కూడా చాలాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచి, "ఇది పాడైపోతేనో?" అని అడిగింది.

"పాడవని వస్తువుంటాదేటమ్మా? మనిషిని పంపి అప్పుడప్పుడూ చూపిస్తాను" అన్నాడు షాపతను. అబద్ధం చెప్పనందుకు ఆవిడకు అతని మీద గురి కుదిరింది.

"గ్యాసు లీకయితే కూసే పెట్టె ఒకటి ఉంటాది కదా, అది కూడా ఇయ్యండి" అంది. మొగుడి వైపు తిరిగి, "అదీ ఇదీ కాదు, నేను ఇంట్లో ఉన్నప్పుడే పొయ్యి వెలగాల" అంది.

"ఎస్ మేడమ్" అని కూర్మారావు షాపు మధ్యలో మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. నీలవేణి నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయిందోనని గురువుగారు అన్నారు.

మర్నాటి నుంచి గోడకు ఇవతల నుంచే ఆయనకు ఆ ఇంటి వంట వినిపించేది. ముందు ఆవాల చిటపట. వెంటనే "నీలా!" అని కేక. ఆవిడ ఇంట్లో ఎక్కడున్నా వచ్చి, మూకుడు మీదికి ఒంగి, "ఇంకా లేదు" అనో, "అయింది, దింపండి" అనో చెప్పి వెళ్ళేది. ఉప్పు సంగతి కూడా ఆవిడే చెప్పేది. మొదట్లో తిట్టుకున్నారట, కూరలూ పోయాయట, వంకాయ మాడిన రోజు ఇద్దరూ మజ్జిగ పోసుకుని తిన్నారట. ఒక ఆదివారం కూర్మారావు గోడ మీంచి తొంగి చూసి, "గురువుగారూ, ఈ పూట భోజనం మా ఇంట్లో" అన్నాడు. అడగలేదు, డ్రిల్లులో ఆర్డరు వేసినట్టు చెప్పాడు.

సన్యాసయ్యగారు అక్కడ ఆగి కళ్ళజోడు పెట్టుకున్నారు. గీత తెరిచి, ఆ వారం పాఠం ఎక్కడ ఆగిందో వెతుక్కోసాగారు. మాకు కథ అయిపోయిందో లేదో తెలియలేదు. తారకేశ్వరి మాత్రం ఇంకా ఆయన ముఖమే చూస్తోంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఆయనకి వాసన మళ్ళీ వచ్చిందా గురువుగారూ?" అని అడిగింది.

"అడుగుదామనుకునే వెళ్ళానమ్మా. ఈలోగా వడ్డించేశాడు" అన్నారు సన్యాసయ్యగారు. "తిన్నాక ఇక అడగాలనిపించలేదు."