తోడేవాడి వంతు

మనుషులు నీళ్లు లేక ఊరొదిలి పోయారు. ఇళ్లకు తాళాలు వేసుకున్నారు గానీ పశువుల్ని తోలుకుపోలేదు. కరువులో పశువుని కొనేవాడూ ఉండడు, మేపేవాడూ ఉండడు. అలా కొండ కింద ఒక పెరట్లో మైలడనే ముసలి ఎద్దు, ఒక గేదె, ఒక మేక, ఒక బాతు మిగిలిపోయాయి. వాటితోపాటు ఒక బావి, దాని అడుగున కాసిని నీళ్లు. మనుషులు చెడగొట్టుకున్నదాన్ని నోరులేని జీవాలైనా దిద్దుకుంటాయేమోనని నేను ఆశపడ్డాను. నోరులేనివని ఎవరన్నారో గానీ, వాటికి నోరే ఎక్కువైంది. అందుకే ఈ కథ చెప్పడానికి నాకు పెద్ద హుషారు లేదు.

తోడే పని మైలడిది. గిలక మీదుగా తాడు, తాడుకి ఒక చివర బొక్కెన, రెండో చివర మైలడి మెడ. వాడు బావి వైపు నడిస్తే బొక్కెన దిగుతుంది, ఎదురు తిరిగి నడిస్తే పైకొస్తుంది. వచ్చిన బొక్కెనను మేక కొమ్ముతో వంచి తొట్లో పోస్తుంది. మైలడికి ముందుకాలు ఒకటి వంకర. ఎప్పుడో బండి బోల్తాపడ్డప్పుడు విరిగి, అడ్డదిడ్డంగా అతుక్కుంది. బావి దగ్గర అటూ ఇటూ నడవడానికి ఆ కాలు చాలుతుంది, కొండ అవతలి ఏటిదాకా నడవడానికి చాలదు. బావి ఎండితే తక్కిన ముగ్గురూ ఏటికి పోయి బతుకుతారు, మైలడు ఇక్కడే పోతాడు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అందుకే మైలడు మొదట్లోనే ముగ్గుర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. తొలకరి పడేదాకా ఈ నీళ్లు రావాలంటే పారబోసే చుక్క ఉండకూడదన్నాడు. తొట్టి మీద తాటాకు చాప కప్పాలి, లేకపోతే మనకంటే ముందు సూర్యుడు తాగిపోతాడు. గేదె మడుగులో పొర్లడం మానుకోవాలి, గోనెపట్ట తడిపి వీపు మీద వేసుకుంటే అదే చల్లదనం. బాతు పళ్లెంలో మునగాలి, ఆ పళ్లెం నీళ్లు సొరపాదుకు పోయాలి. బొక్కెన చిల్లికి గుగ్గిలం పూసి మూయాలి. ముగ్గురూ సరేనన్నారు, గేదె కొంచెం మూలిగింది.

తోట మేకది. మేకకు తోట అప్పగించడమేమిటని నవ్వకండి, రేపు తినాలనుకున్న మొక్కను మేక కన్నా జాగ్రత్తగా ఎవరూ పెంచరు. పాత కుండలకు అడుగున చిన్న చిల్లి పెట్టి, గుడ్డపేలిక కుక్కి, పాదుల పక్కన పాతింది. కుండ నింపితే నీరు మెల్లగా వేరుకే ఊరుతుంది. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు, ఎండుటాకులు పరిచింది. పొద్దు వాలాకే నీళ్లు పోసేది. తొట్టి కడిగిన నీళ్లు అరటి మొదట్లోకి పోయేవి. నడివేసవిలో సొరపాదు కాయ కాసింది. నలుగురూ దాన్ని చూడటానికి వెళ్లి చాలాసేపు నిలబడ్డారు.

అది చూసి ఓర్వలేకో, ఆకలికి ఓర్వలేకో కొండ మీంచి నక్క దిగింది. దానికి ఎండ్రకాయలంటే ప్రాణం. ఎండ్రకాయలు ఎండిన కాలవ గట్టు బొరియల్లో పడి ఉంటాయి, ఎక్కడైనా బురద వాసన తగిలితే గానీ బయటికి రావు. ఈ పెరట్లో చూస్తే బురదన్న మాటే లేదు. ఒక్క చుక్క నేలపాలు కావడం లేదు. నక్క కంచె పక్కన కూర్చుని లోకం ఇంత పిసినారిదైపోయిందేమిటని బాధపడింది.

మైలడు మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని ముందు గేదె దగ్గరికి పోయింది.

“ఏం వదినా, ఇట్టా చిక్కిపోయావేంది? మడుగులో పడుకుని మహారాణిలా ఉండేదానివి.”

“నీళ్లు పొదుపు చేస్తన్నాం మరిదీ. తొలకరి దాకా రావాలిగా,” అంది గేదె.

“మంచిదే. మరి నువ్వు మిగిల్చిన నీళ్లు ఎక్కడున్నాయి?”

“ఎక్కడుంటాయి, బావిలోనే.”

“బావిలో నీ పేరు రాసుందా? నువ్వు ఒళ్లు ఎండగట్టుకుంటే ఆ నీళ్లలో బాతు ఈత కొడతంది. కంచె అవతల నుంచి నేను చూస్తానే ఉన్నా. నువ్వేమో ఈ గోనెపట్ట కప్పుకుని సన్యాసిలా కూర్చున్నావు.”

గేదె నెమరు ఆపింది. గేదెకు ఆలోచనలు తక్కువ, కానీ ఒకటి వచ్చిందంటే దాని మీదే పడుకుంటుంది. సాయంత్రానికల్లా దానికి బాతు రెక్కల మీద నీటి చుక్కలు కనపడటం మొదలైంది.

బాతు దగ్గరికి పోయి నక్క అదే పాట తిప్పి పాడింది. పళ్లెంలో మునగడం బాతుల వంశానికే తలవంపులంది, అవతల గేదె తొట్టెడు నీళ్లు ఒక్క గుక్కలో లాగేస్తోందంది. మేకతో పని ఇంకా తేలిగ్గా అయిపోయింది.

“మేకమ్మా, నీ కుండలు చూసి ముచ్చటేసింది. కానీ ఎవరికోసం ఈ కష్టం? నువ్వు ఆదా చేసిన నీళ్లు రేపు గేదె పొట్టలో ఉంటాయి, నీ కాయలు పాదు మీదే ఎండిపోతాయి. ఉన్నప్పుడే పారించు, నాలుగు కాయలు ఎక్కువ తిను. తిన్నదే నీది.”

ఆ రోజుదాకా నక్క చెప్పింది పచ్చి అబద్ధం. మర్నాటి నుంచి నిజమైంది. గేదె తన మడుగు నింపమంది. మడుగు చూసి బాతు పళ్లెం తన్నేసి అందులో దూకింది. ఆ ఇద్దర్నీ చూసి మేక కుండల్ని వదిలేసి, కాలవ తీసి, ఎండ నడినెత్తిన ఉండగా తోట పారించింది. తాటాకు చాప పక్కన పారేశారు, ఎవరికి కావలిస్తే వాళ్లు ముంచుకోవడానికి అడ్డమని. బొక్కెన చిల్లికి పూసిన గుగ్గిలం ఊడితే చూసినవాళ్లు చూశారు, పూసినవాళ్లు లేరు. పెరడంతా బురదైంది. ఎండ్రకాయలు కాలవ గట్టు దిగి పక్కపక్కకు నడుచుకుంటూ వచ్చాయి. నక్క కంచె దగ్గరే కాపురం పెట్టి ఒళ్లు చేసింది.

ఎద్దు పుండు కాకికి నొప్పా. తాడు ఒరిసి ఒరిసి మైలడి మెడ పుండు పడింది. నీరు దిగిన కొద్దీ తాడుకి తాడు ముడేశారు, వాడి నడక పెరిగింది. వాడు తోడనని మొండికేయొచ్చు కదా అంటారు మీరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మెడ మీద తాడు పడితే నడవడం తప్ప వాడికేమీ తెలియదు. అది కూడా తప్పే, కాదనను.

ఒకసారి వాడు కుంటుకుంటూ కంచె దాకా పోయి నక్కనే అడిగాడు, బావి ఎండితే నువ్వేం తింటావురా అని.

“ఎండినప్పుడు చూద్దాంలే మామా,” అంది నక్క పళ్లు కుట్టుకుంటూ. “ఇవాళ్టి కడుపు ఇవాళ్టిది.”

మరో రోజు సాయంత్రం మైలడు మెడ నుంచి తాడు తీయించుకోకుండా అలాగే నిలబడి ముగ్గుర్నీ పిలిచాడు.

“బొక్కెనలో నీళ్లకంటే ఒండ్రు ఎక్కువొస్తంది. మీకు కనపడతందా?”

“కనపడతంది,” అంది గేదె. “ఆ మాట బాతుకి చెప్పు.”

“నేను తాగేదెంత అన్నా, నా ముక్కుకి తడి,” అంది బాతు. “మడుగు నాదా?”

“నేను మానేస్తే వీళ్లు మానేస్తారా?” అంది మేక. “ముందు వాళ్లని మానమను.”

“ఎవరో ఒకరు ముందు మానండమ్మా. నా కాలు సంగతి మీకు తెలుసు. మీకు ఏరుంది. నాకు ఈ బావే.”

గేదె కళ్లు దించుకుంది. మర్నాడు తెల్లారగానే మడుగు నింపమని మళ్లీ వచ్చి నిలబడింది. దున్నపోతు మీద వాన కురిసినట్టని మనం ఊరికే అంటామా. మీకు ఒళ్లు మండుతోందేమో, నాకూ మండింది. కానీ గేదె చెడ్డది కాదు, మైలడంటే దానికి నిజంగానే ప్రేమ. తాను మానుకున్న నీళ్లు మైలడికే దక్కుతాయని ఎవరైనా పూచీ పడి ఉంటే మానుకునేదే. కానీ పూచీ పడేవాళ్లెవరు? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందట. ఒకరి మీద ఒకరు కాపలా కాయడంలో వాళ్లకు పగళ్లు గడిచిపోయాయి.

తొలకరి రావాల్సిన రోజులు వచ్చాయి, మబ్బు రాలేదు. ఒక పొద్దున బొక్కెన ఖాళీగా లేచింది. అప్పుడు మొదలయ్యాయి పరుగులు. మేక కుండలన్నీ తుడిచి చిల్లులకు కొత్త పేలికలు కుక్కింది. బాతు తాటాకు చాప ఈడ్చుకొచ్చి ఎండిన తొట్టి మీద కప్పింది. గేదె గోనెపట్ట వెతికి తెచ్చుకుంది, తడపడానికి ఏమీ లేక దాన్ని నోట పట్టుకుని నిలబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లను చూసి నవ్వుతారు లోకులు, నాకు ఆ పూట నవ్వు రాలేదు.

ముగ్గురూ ఏటికి బయల్దేరారు. పోయేముందు ఒకరి తర్వాత ఒకరు మైలడి దగ్గరికి వచ్చారు. బాతు ఏడ్చింది. ఏటి నుంచి నీళ్లు తెస్తామంది మేక, ఎందులో తెస్తుందో చెప్పలేదు, మైలడు అడగలేదు. గేదె వాడి మెడ మీది పుండును నాకింది. దాని నాలుక అప్పటికే ఎండి గరుగ్గా ఉంది.

“కోపముందా మైలన్నా?”

“లేదు,” అన్నాడు మైలడు. “ఎండెక్కకముందే పోండి. బాతు నడవలేదు, వీపు మీద ఎక్కించుకో.”

వాళ్లు కంచె దాటేదాకా చూసి, బావి గట్టు నీడలో పడుకున్నాడు.

నక్క మాత్రం పోలేదు. పెరట్లో ఎండ్రకాయలు అయిపోయాయి గానీ, బావి అడుగు బొరియల్లో ఇంకా ఉన్నాయని దాని ముక్కు చెప్పింది. ఎండ్రకాయ ఉన్నచోట తడి ఉంటుంది. తానూ దాహం మీదే ఉంది. మర్నాడు మధ్యాహ్నం మైలడి పక్కన వచ్చి కూర్చుంది.

“మామా, అడుగున రాళ్ల సందుల్లో బిందెడు నీళ్లు ఊరినయ్. బొక్కెన మునగదు. నన్ను దించు, నోటితో తీసి బొక్కెనలో పోస్తా. ముందు అది లాక్కుని నువ్వు తాగు, తర్వాత నన్ను లాగు. ఎండ్రకాయలు నాయి, నీళ్లు నీయి.”

నక్క సంగతి మైలడికి తెలియక కాదు. దాహం ముందు తెలివి నిలవదు. తాడు ఇంకా మెడనే ఉంది. నక్క బొక్కెనలో కూర్చుంది, వాడు లేచి బావి వైపు అడుగులో అడుగు వేసుకుంటూ దాన్ని దించాడు.

అడుగున నిజంగానే నీళ్లున్నాయి. మైలడు పైనుంచి వింటున్నాడు. ముందు ఎండ్రకాయల డొప్పలు పటపట విరిగాయి. తర్వాత నీళ్లు గతుకుతున్న చప్పుడు వచ్చింది. కొంచెం తాగి ఆపుతుందిలే అనుకున్నాడు. అది ఆగలేదు. ముసలి ఎద్దు, ఇవాళో రేపో పోయేది, దానికి పోస్తే బూడిదలో పోసిన పన్నీరే అనుకుంది నక్క. రాళ్ల సందులు కూడా నాకి మూతి తుడుచుకుంది.

“లాగు మామా.”

“నీళ్లేయి?”

“ఎక్కడియ్ మామా, అంతా ఒండ్రే. ముందు నన్ను లాగు, వేరే దారి చూద్దాం.”

మైలడు లాగాడు. కావాలంటే ఒట్టేస్తాను, వాడు నిజంగానే లాగాడు. పగబట్టడం కూడా వాడికి చేతకాదు. మెడ వంచి, గిట్టలు నేలకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా తాడు మీద పెట్టాడు. బొక్కెన అడుగు నుంచి లేచి కొంత పైకి వచ్చింది. అంతలో వంకర కాలు మడత పడింది, బొక్కెన దబ్బున కిందికి పోయింది. మళ్లీ లేచి మళ్లీ లాగాడు. ఈసారి మోకాళ్ల మీద పడి ఇక లేవలేకపోయాడు.

“ఏమైంది మామా? లాగు,” అంది నక్క కిందనుంచి.

“లాగలేనురా. నాలుగు గుక్కలు పంపించుంటే లాగేవాణ్ణి.”

నక్క చాలాసేపు మాట్లాడింది. బతిమాలింది, తిట్టింది, కొత్త కొత్త బేరాలు చెప్పింది. దాని దగ్గర బేరాలకు కొదవ లేదు, బేరం పెట్టడానికి నీళ్లే లేవు. తాగినవి ఎలాగూ వెనక్కి రావు. కాసేపటికి పైనుంచి జవాబు రావడం ఆగిపోయింది. రెండు రోజులకు కిందనుంచి మాటలూ ఆగిపోయాయి.

తొలకరి పడింది, ఆలస్యంగా. ఏటి నుంచి గేదె, మేక తిరిగొచ్చాయి, బాతు దారిలోనే పోయింది. బావిలో నడుములోతు నీళ్లు ఊరాయి. మైలడి ఎముకల పక్కన నిలబడి రెండూ బావిలోకి మూతులు చాచాయి. నక్క కుళ్లిన వాసన కొట్టింది. వచ్చిన దారినే వెనక్కి తిరిగాయి. తిలా పాపం తలా పిడికెడు.

నీతి కావాలంటే ఇంతే: తోడేవాడికి మిగల్చకుండా తాగిన నీళ్లు, తాగినవాడికీ దక్కవు.