అమ్మవారి ఎడమ కన్ను

"ఈ ఈగలతో మనసెట్లా నిలుస్తుందయ్యా?" అని చెంగల్రాయుడు మా గురువు కోదండయ్యను రోజూ అడిగేవాడు. అడగడంలో వాడి తప్పేం లేదు. కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతాం. నల్లరంగేమో బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టి చేసేది. అంటే మేం పనికి కూర్చోవడమే ఈగలకు విందు వడ్డించి కూర్చోవడం. ఛీ, వెధవ ఈగలు! చెవిలో జుయ్యిమంటాయి, ముక్కు మీద నడుస్తాయి. కొట్టబోతే చెయ్యి లేవకముందే అవి లేస్తాయి. పోయి దూలానికి తలకిందులుగా అతుక్కుని తాపీగా కాళ్ళు రుద్దుకుంటాయి. ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ అదే ముక్కు మీద! పక్కన రంగులు నూరుతూ నేను తిట్టని తిట్టు లేదు. కోదండయ్య మాత్రం పెదవి మీద ఈగ పాకుతున్నా గీత ఆపేవాడు కాదు.

ఒక రోజు వాడు మళ్ళీ అదే అడిగాడు. కోదండయ్య తన చేతిలోని వెదురు కలం వాడికిచ్చి, "అమ్మవారికి కళ్ళు నువ్వు దిద్దు," అన్నాడు.

కళ్ళు ఎప్పుడూ గురువే దిద్దేవాడు. ఆ భాగ్యం కోసం రాయుడు తొమ్మిదేళ్ళు కాచుకున్నాడు. పైగా జాతరకు కట్టే ఆ గంగమ్మ తెరను రెండు నెలలు కష్టపడి గీసింది వాడే. నల్లరంగు ఒకసారి గుడ్డకు పట్టిందంటే ఇక ఏం చేసినా వదలదు.

కుడి కన్ను చక్కగా కుదిరింది. ఎడమ కన్నుకు కలం ఆనించాడో లేదో, ఈగ వచ్చి వాడి రెప్ప మీద వాలింది. తల విదిలించాడు. చెవికి మారింది. ఉఫ్ మని ఊదాడు. గిర్రున తిరిగి ముక్కెక్కింది. "నీ పాడె కట్ట!" అంటూ రాయుడు కలం పట్టుకున్న చేత్తోనే ఫెడీమని కొట్టాడు. దెబ్బ వాడి ముక్కుకే తగిలింది. ఈగ దూలమెక్కింది. కలం నుంచి చిందిన నలుపు అమ్మవారి చెంప మీద పడి, చూస్తుండగానే ఉసిరికాయంత అయింది.

వాడు గుడ్డతో అద్దాడు, తడి చేసి తుడిచాడు. చివరికి తల బాదుకుంటూ, "తొమ్మిదేళ్ళయ్యా! దిక్కుమాలిన ఈగ నా బతుకు చెడగొట్టింది!" అని ఏడ్చేశాడు.

కోదండయ్య తెర మీదికి వంగాడు. ఆ సిగ్గులేని ఈగ మళ్ళీ దిగి వచ్చి, సరిగ్గా ఆ మచ్చ మీదే వాలి బెల్లం నాకుతోంది. ఆయన దాన్ని తోలలేదు. మేం ముగ్గురం చూస్తుండగా అది తిన్నంత తిని, తనంతట తానే లేచిపోయింది.

ఆయన మచ్చ మీద వేలు పెట్టాడు.

"అది పోయింది నాయనా. ఇప్పుడు దీన్ని పొమ్మను చూద్దాం."