జానెడు పోగులు

ఇది ఇప్పటిదాకా ఎవరితోనూ నోరు తెరిచి అనలేదు. మా అమ్మ చనిపోలేదు.

చనిపోయిందని బడిలో చెప్పాను. హాస్టల్లో చెప్పాను. నేను మానేసిన ప్రతి ఉద్యోగంలోనూ చెప్పాను: బట్టల షాపులో, జిరాక్స్ సెంటర్లో, పిల్లలకు ట్యూషన్ చెప్పిన ఇంట్లో. చనిపోయిందంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అయ్యో పాపం అంటారు, చేతిలో ఏదన్నా తినడానికి పెడతారు. అదే వెళ్ళిపోయింది అన్నామనుకోండి, ఎందుకు అని అడుగుతారు. ఆ ఎందుకుకు నా దగ్గర జవాబు లేదు.

ఆమె షోలాపూర్‌లో ఉంది, మా పిన్ని ఇంట్లో. నాకు ఆరేళ్ళప్పుడు ఒకరోజు తెల్లారి లేచి చూస్తే ఇంట్లో లేదు. అంతే. ఈ మధ్య పిన్ని నన్ను ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకుంది. ఫోన్ నంబరు పంపి, "మీ అమ్మకు చూపు తగ్గుతుంది బిడ్డా. నీ గొంతన్న వినిపియ్యి" అని రాసింది. నేను జవాబు రాయలేదు. ఆ మెసేజ్ తీసేయనూ లేదు.

ఇంగ్లీషు నేను సొంతంగా నేర్చుకున్నాను. ఒక పాత డిక్షనరీ, ఫోన్లో వీడియోలు, అద్దం ముందు మాట్లాడుకోవడం. సరిగ్గా పిన్ని మెసేజ్ వచ్చిన రోజుల్లోనే నాకు ఒక మాట దొరికింది. వెళ్ళిపోవడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. లీవ్ అంటే అందరం చేసేదే. ఇంట్లోంచి, ఆఫీసులోంచి, ఊళ్ళోంచి రోజూ లీవ్ అవుతూనే ఉంటాం. అబాండన్ వేరు. మునిగిపోయే ఓడను అబాండన్ చేస్తారు. బొగ్గు అయిపోయిన గనిని చేస్తారు. కన్నబిడ్డను చేస్తారు. ఇక నాది కాదు, ఏమన్నా కానీ అని వెళ్ళిపోవడం అది.

ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీసినప్పుడు నాకు కడుపునిండా అన్నం తిన్నంత తృప్తి కలిగింది. మా అమ్మ చేసిన పనికి పేరు దొరికింది. పేరు దొరికాక ఇంక ఫోన్ ఎందుకు?

అయినా మనసు ఊరుకోలేదు. ఎవరో ఒకరు అవును అనాలి. ఆ ఆదివారం పరంధాములు గారి మఠానికి వెళ్ళాను.

మఠం అంటే పెద్దగా ఊహించుకోకండి. మూసీ కాలువ దాటాక ఒక పెంకుటిల్లు. లోపల నేలను తవ్వి దించిన రెండు గుంట మగ్గాలు, గోడకు ఒక తంబూరా. పరంధాములు గారు అచల గురువు, విగ్రహపూజ లేని మార్గం ఆయనది. తత్వాలు పాడతారు. అడిగితే తప్ప చెప్పరు, అడిగినా ఎక్కువ చెప్పరు. ఆయన దగ్గర ఒకటే నియమం: తత్వం వినడానికి వచ్చినవాళ్ళు కాసేపు మగ్గం పనిలో చెయ్యి పెట్టాలి. నేను సాలెవాళ్ళ ఇంట పుట్టినదాన్నే. కానీ అమ్మ వెళ్ళిపోయాక నాయనమ్మ నన్ను మగ్గం దగ్గరికి రానియ్యలేదు, కాబట్టి నాకేమీ రాదు. నూలు చుట్టిన కండెలు అందిస్తాను, ఊడ్చి పెడతాను.

ఆ రోజు అండాలక్క అరుగు మీద కూర్చుని కండెలు చుడుతోంది. పోగులు అతకడంలో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసిన చెయ్యి ఆమెది. నోరు అంతకంటే ఎక్కువ తెలుసు.

"వచ్చింది మా ఇంగ్లీషు బిడ్డ," అంది. "ఇయ్యాల ఏం మాట పట్టుకొచ్చినవ్?"

"రెండు తెచ్చినక్కా."

"రెండా! ఒకటి నాకియ్యి. మా ఆయనను తిట్టనీకి పనికొస్తది."

నవ్వలేకపోయాను. గురువుగారి ముందు కూర్చుని రెండు మాటలూ విప్పి చెప్పాను. ఓడ, గని, బిడ్డ. చెప్తుంటే నా గొంతులో గర్వం నాకే వినిపించింది. ఆఖరున అడిగాను.

"అయ్యా, ఒక తల్లి ఆరేళ్ళ పిల్లను నిద్రలో వదిలి పోయింది. ఆమెకు ఈ రెండిట్లో ఏ మాట సరిపోతుంది?"

అరుగు మీద రాట్నం చప్పుడు ఆగింది. "ఎవరి తల్లి?" అంది అండాలక్క.

"ఎవరో ఒకరి తల్లి."

గురువుగారు నన్ను చూశారు. ఆయనకు ఏమర్థమైందో ఆయన ముఖంలో ఎప్పుడూ తెలియదు.

"ఆ మగ్గం మీద బట్ట నేసుడు అయిపోయింది. కోసి దించు బిడ్డా," అన్నారు.

నాకు కోపం వచ్చింది. అడిగిందేమిటి, చెప్పిందేమిటి! కత్తెర తీసుకుని మగ్గం దగ్గరికి వెళ్ళాను. దువ్వెన పళ్ళలాంటి అచ్చు అంచు వెంబడి నేరుగా కోసేశాను. బట్ట చేతిలోకి వచ్చింది. అచ్చులో మిగిలిన పోగుల ముక్కలు చెత్తలా కనిపించాయి. గుప్పెళ్ళతో లాగి పారేశాను. దుమ్ము దులిపాను, కర్రలు తుడిచాను. మగ్గం కొత్తదానిలా తయారైంది. ఇలాంటి పనైతే నాకు బాగా వచ్చు అనిపించింది.

అండాలక్క వచ్చి చూసి నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"ఓ నీ ఇల్లు సల్లగుండ! పోగులన్నీ గుంజి పారేసినవా? రేపు కొత్త పడుగు దేనికి అతకాలె? నీ జడకా?"

నాకు అర్థం కాలేదు. తిడుతూనే చెప్పింది. బట్ట కోసేటప్పుడు జానెడు పోగులు అచ్చులోనే ఉంచాలట. జారిపోకుండా గుత్తులు గుత్తులుగా ముడెయ్యాలట. మళ్ళీ నేసే రోజు వేళ్ళకు బూడిద రాసుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి మెలేస్తారు. ఒక్కొక్కటీ. అలా అతికితే పాత పోగుల వెంట కొత్త పడుగు, అంటే నిలువు పోగుల వరుసంతా, అచ్చులోంచి నడిచి వస్తుంది.

"ఇంక నెయ్యం, మగ్గం అమ్ముకుంటం అన్నోళ్ళే గిట్ల గుంజుతరు," అంది. "ఇప్పుడు అచ్చు ఒక్కొక్క కంట్లకెల్లి మళ్ళ పోగు ఎక్కియ్యాలె. నా కండ్లు పోతయి."

"పిల్లనేం అనకు అండాలూ. నేర్పకుండ పని చెప్పింది నేను," అన్నారు గురువుగారు.

ఆయన లేచి, నా భుజం పట్టుకుని, రెండో మగ్గం దగ్గరికి నడిచారు. దాని మీద ఎప్పుడూ ఒక దుప్పటి కప్పి ఉంటుంది. పాడైపోయిన మగ్గమేమో అనుకునేదాన్ని. ఆయన దుప్పటి తీశారు.

దుమ్ము లేచింది. అచ్చులోంచి పోగులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒకప్పుడు తెలుపేమో, ఇప్పుడు చాయ్ రంగు. ముడులు మాత్రం చిన్న చిన్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక గుత్తి కింద పెట్టారు. దానికి బరువే లేదు.

"రెండూ ఖాళీ మగ్గాలే," అన్నారు. "ఇప్పుడు చెప్పు నీ మాటలు."

చెప్పడానికి నోరు తెరిచాను. రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. కానీ ఆ గుత్తి ఇంకా నా అరచేతిలో ఉంది.

మా ఇంట్లో మగ్గం కనిపించింది. ఆ తెల్లారి. అమ్మ లేదు. నాన్న అంతకుముందు రాత్రి తన్ని విరగ్గొట్టిన తలుపు గడియ గడప దగ్గర పడి ఉంది. మగ్గం మీద చీర లేదు. అచ్చులో ఎర్రటి పోగులు, గుత్తులు గుత్తులుగా. నాయనమ్మ కత్తెర తెచ్చింది. "అది మళ్ళీ ఈ గడప తొక్కదు, తొక్కనియ్య" అంటూ ఆ గుత్తులన్నీ కోసి నా ఒళ్ళో వేసింది. ఆడుకోమంది.

నేను ఆడుకున్నాను. నా బొమ్మకు ఎర్ర జడ వేశాను.

ఇన్నేళ్ళూ నాకు ఆ జడ గుర్తుంది. దారం ఎక్కడిదన్నది గుర్తు లేదు.

చేతికి అలవాటైన పని కాబట్టి వేసిందేమో అమ్మ ఆ ముడులు. కావచ్చు. కానీ నాన్న చేతిలో దెబ్బలు తిని, ఇల్లు విడిచి పరుగెత్తాల్సిన మనిషి, పక్కన పిల్ల నిద్రపోతుంటే, ఆ చీకట్లో మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. ఒక్కో గుత్తీ తడుముకుంటూ ముడేసింది. ఎంతసేపు కూర్చుందో.

"అయ్యా, ఈ మగ్గం ఎవరిది?" అని అడిగాను.

అండాలక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

"మా ఇంటామెది," అన్నారు ఆయన. "నేను తత్వాలు పాడుకుంట ఊర్లు పట్టుకుని తిరిగిన. ఇంట్ల ఏం ఉన్నదో ఏం లేదో చూడలే. ఒకపారి వచ్చేసరికి పుట్టింటికి పోయి ఉండె."

"మళ్ళీ రాలేదా?"

"పోగులు ఉంచిపోయింది గద. ఆమెనే వస్తదని చూసిన."

బయట కాలువలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"మొన్నటి వానలల్ల కబురొచ్చింది. పానం పోయిందట," అన్నారు.

ఒక గుత్తికి ముడి వదులైంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, తొందర లేకుండా బిగించారు. దుప్పటి మళ్ళీ కప్పుతూ, నాతో కాదు, ఆ మగ్గంతోనే అన్నట్టు అన్నారు.

"కొత్త పడుగు నేనే ఆమె కాడికి పట్టుకపోవాల్సి ఉండె."

నేను లాగి పారేసిన ముక్కలను అండాలక్క నేల మీంచి ఏరడం మొదలుపెట్టింది, అవి దేనికీ పనికిరావని తెలిసి కూడా. నేనూ వంగి కాసేపు ఏరాను. తర్వాత లేచి బయటికి వచ్చాను.

కాలువ గట్టు మీద ఎండ గట్టిగా ఉంది. అమ్మతో ఏం మాట్లాడాలో తెలియదు. ఎందుకు పోయావని అడుగుతానో, ఎట్లా ఉన్నావని అడుగుతానో, ఏడుస్తానో తెలియదు. ఆమె విన్న నా గొంతు ఆరేళ్ళ పిల్లది. ఇప్పటి గొంతును గుర్తుపట్టదు.

ముందు నా పేరు చెప్పుకోవాలి అనుకుంటూ, పిన్ని పంపిన నంబరు తీశాను.