గుడ్డ కింద బేరం

మా రవ్వలపేటలో వజ్రాలు తవ్వే రోజుల్లో వీధి దుమ్ము ఎంత మెరిసేదంటే, కాకులు కళ్లు మూసుకుని ఎగిరేవి. ఆ కాలంలో దస్తగిరి అనే ఫకీరు దగ్గర ఓబులేసు ఏడేళ్లు శిష్యరికం చేశాడు. అతను మోసిన నీళ్లన్నీ కలిపి వదిలితే పెన్నకు వరదొచ్చేది. గురువు నోట మాత్రం ఒక్క మెప్పు మాట రాలేదు.

పక్క ఊరి పీఠం వాళ్లు ఇది కనిపెట్టి, తమ దగ్గరికి వస్తే పెద్ద శిష్యుడి పీట వేస్తామని కబురు పెట్టారు. ఓబులేసు వచ్చి గురువు ఎదుట నిలబడ్డాడు.

"సామీ, ఏడేళ్లకు నా విలువ ఎంతైందో ఈపొద్దు చెప్పు. చెప్పకపోతే వాళ్ల దగ్గరికి పోతా."

"పీట ఎత్తయిందేనా?" అన్నాడు ఫకీరు.

"మోకాలెత్తు ఉంటుందంట."

"అయితే సంతకు పోదాం రా."

సంత రోజున మా ఊళ్లో చీమ తుమ్మినా వినబడేది. వజ్రాల బేరం నోటితో చెయ్యరు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద గుడ్డ కప్పుకుని, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి అంతు దొరకదు. అన్ని వేలమంది మాటల్లేకుండా కూర్చుంటే, తెల్లగుడ్డలు గాలికి ఉబ్బి, మబ్బులే నేలకు దిగి బేరమాడుతున్నట్టు ఉండేది.

ఆ మబ్బుల నడుమ ఫకీరు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. భుజం మీది తుండు పరిచి, దాని కింద అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఏ వేలు నొక్కుతాడో, ఎన్ని నొక్కుతాడో అని ఓబులేసు ఊపిరి బిగపట్టాడు. ఫకీరు ఏదీ నొక్కలేదు. ఊరికే పట్టుకున్నాడు.

పొద్దు నెత్తికెక్కింది. వాలింది కూడా. ఇంతసేపు తెగని బేరమంటే గుమ్మడికాయంత వజ్రమే అయ్యుంటుందని సంతంతా చుట్టూ మూగింది. ఓడలున్న షావుకార్లు మెడలు సాచి సాచి కొంగలైపోయారు.

చివరికి ఒక దళారి ఆగలేక నోరు తెరిచాడు. "తొందరగా తేల్చు సామీ. ఆకలికి చస్తున్నాం."

"నేనేమైనా పట్టుకున్నానా నిన్ను? పోయి తిను."

ఒక్కడూ కదల్లేదు.

ఓబులేసు అరచేతికి చెమట పట్టింది, ఆరింది, మళ్లీ పట్టింది. గురువు పట్టు సడలలేదు.

"ధర చెప్పలేదే సామీ," అన్నాడు మెల్లిగా.

"అమ్మేవాడు కదరా చెప్పేది. నేను పట్టుకున్నది అమ్మడానికా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. చెయ్యి మాత్రం గుడ్డ కిందే ఉంచాడు.