జొన్నమ్మ సన్నికల్లు

రాత్రి ఎనిమిదైంది. వాన వెలిసింది, చూరు నీళ్ళు ఇంకా కారుతున్నాయి. దుప్పటి ముగ్గురికీ ఒకటే, లాక్కోకండి.

అనగనగా, పొద్దే ఇంకా పుట్టని ఒక ఊళ్ళో, జొన్నమ్మ అని ఒకావిడ ఉండేది. అసలు పేరు వేరే ఉంది, నా నోరు తిరగదు. మీ తాతయ్య ఓడలో వంట చేసే రోజుల్లో, మాయా మనిషి ఒకాయన ఉల్లిపాయలు తరుగుతూ చెప్పాడట ఈ కథ. మాయా అంటే గారడీ కాదురా చరణూ, ఆ జనం పేరు. సముద్రాలకి అవతల, మొక్కజొన్న పండే కొండల్లో ఉంటారు. సృష్టి ఎలా జరిగిందో వాళ్ళు చెప్పుకునే తీరు ఇది.

సూర్యుడు లేడు. అంతా మసక. పైన ఆకాశం దేవుడు, కింద నీళ్ళలో పచ్చ ఈకల పాము దేవుడు. ఇద్దరికీ ఏమీ తోచలేదు. మనల్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరైనా ఉంటే బావుండు అనుకున్నారు. దేవుళ్ళకీ ఉంటుంది ఆ బెంగ. జొన్నమ్మ వాళ్ళిద్దరికంటే పెద్దది. పొయ్యి ఆవిడది, సన్నికల్లు ఆవిడది. సన్నికల్లు అంటే తెలుసుగా? పాతింట్లో దాని మీదే పచ్చడి నూరేదాన్ని, పలకరాయి, పైన పొత్రం. అదే.

మొదట జింకనీ పులినీ పిట్టనీ చేశారు. మా పేరు చెప్పండి అన్నారు. జింక అరిచింది, పులి గాండ్రించింది, పిట్ట కిచకిచలాడింది. పేరు మాత్రం రాలేదు. సరే, మీరు అడవికి పొండి అన్నారు.

తర్వాత మట్టి మనిషిని చేశారు. మాట వచ్చింది, బుర్ర లేదు. తల తిప్పబోతే మెడ జారింది. చినుకు పడితే ముక్కు కరిగింది. వాకిట్లో బురద తుడుచుకునే పని జొన్నమ్మకి మిగిలింది.

ఊ కొడుతున్నారా? వినీల కొట్టట్లేదు.

మూడోసారి కర్రతో చెక్కారు. నడిచారు, మాట్లాడారు, పిల్లల్ని కన్నారు. జొన్నమ్మ వాళ్ళకి వండి పెట్టింది, తల దువ్వింది. కానీ గుండె పెట్టడం మరిచిపోయారు దేవుళ్ళు. దేవుడి పేరు తలవరు, వండిన మనిషిని తలవరు. తిన్న కుండని తన్నేవాళ్ళు, కాపలా కుక్కని కొట్టేవాళ్ళు.

దేవుళ్ళకి ఒళ్ళు మండింది. నల్లటి వాన కురిపించారు, వరద ఎత్తించారు. అప్పుడు ఇంట్లో సామానంతా లేచింది. కుండ లేచింది: "రోజూ నన్ను మాడ్చారు, ఇవాళ మిమ్మల్ని మాడుస్తా." సన్నికల్లు లేచింది: "రోజూ నన్ను అరగదీశారు, ఇవాళ మిమ్మల్ని అరగదీస్తా." కుక్క లేచింది: "రోజూ నన్ను తన్నారు, ఇవాళ మిమ్మల్ని పీకుతా." ఇల్లెక్కితే ఇల్లు కూలింది. చెట్టెక్కితే చెట్టు విదిల్చింది. గుహలో దూరబోతే గుహ నోరు మూసుకుంది. పట్టు వదలని కొందరు కొమ్మల్లోనే ఉండిపోయి కోతులయ్యారు. మనలా ఉంటాయి చూడండి, అందుకే.

జొన్నమ్మ గడపలో కూచుంది. ఆ గడప దాటి ఎంతమంది వెళ్ళారో ఆవిడకి తెలుసు. తిరిగి వచ్చినవాళ్ళని లెక్కపెట్టడానికి వేలు మడిచే పని లేకపోయింది. ఒక్కరూ రాలేదు. ఆవిడ ఏడవలేదని చెప్పాడట ఆ ఓడ మనిషి. నేను నమ్మను.

సరే. కొన్నాళ్ళకి నక్క, తోడేలు, చిలక, కాకి వచ్చాయి. ఫలానా కొండ పగులులో పచ్చ గింజలూ తెల్ల గింజలూ ఉన్నాయని చెప్పాయి. అదే మొక్కజొన్న. జొన్నమ్మ తెప్పించింది. సున్నపు నీళ్ళలో ఉడికించింది, నానబెట్టింది, పొట్టు నులిమి తీసేసింది, రుబ్బింది. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు. మొదటి వాయికి రవ్వ, మూడో వాయికి పిండి, తొమ్మిదో వాయికి వెన్న. చెయ్యి కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యలేదు, అవే కండగా పట్టించింది. నలుగురు కొడుకులు లేచి కూర్చున్నారు.

లేస్తూనే దేవుళ్ళని పేరుపెట్టి పిలిచారు. దేవుళ్ళు ఉప్పొంగిపోయారు. కానీ పిండి మరీ మెత్తన కుదిరిందో ఏమో, ఆ నలుగురికీ చూపు హద్దు లేకుండా వచ్చింది. రాయి వెనక ఏముందో కనిపిస్తుంది. సముద్రం అడుగు కనిపిస్తుంది. ఇక నడవడం దేనికి? కొండెక్కి కూచున్నారు, దిగలేదు.

"రొట్టెలు చల్లారిపోతున్నాయి, రండిరా!" అని కేకేసింది జొన్నమ్మ.

"ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయమ్మా. నాలుగున్నాయి, మూడోది మాడింది," అన్నాడు చిన్నాడు.

"నేను కనిపిస్తున్నానా?"

"ఆఁ, నువ్వూ కనిపిస్తున్నావు. అందుకే రావడం లేదు."

నవ్వకండి. మీరూ అలాగే ఉన్నారు, ఫోన్లో కనిపిస్తున్నాం కదా అని ఊరికి రారు.

దేవుళ్ళకి భయం వేసింది. వీళ్ళకీ మనకీ తేడా ఏముంది, మళ్ళీ వరద ఎత్తిద్దాం అనుకున్నారు. జొన్నమ్మ పొత్రం పక్కన పెట్టింది.

"ఎత్తించండి. ఐదోసారి మీరే రుబ్బుకోండి," అంది.

దేవుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రుబ్బడం ఇద్దరికీ రాదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. అద్దం మీద ఆవిరి ఊదినట్టు ఆ నలుగురి కళ్ళ మీద ఊదుతాం, దగ్గరిది తప్ప కనిపించదు అన్నారు. వేగుచుక్క పొడిచాక మొదటి సూర్యుణ్ణి పంపుతాం, ఆలోగా ఇల్లు చేరినవాళ్ళు మనుషులై ఉంటారు, చేరనివాళ్ళని వరదకి వదిలేస్తాం అన్నారు. నువ్వు వెళ్ళి తీసుకురాకూడదు, నోరెత్తి పిలవకూడదు అని కూడా అన్నారు.

ఊదారు. కొండ మీద నలుగురికీ లోకం మూరెడైపోయింది. ఇన్నాళ్ళూ అన్నీ కనిపించాయి గనక ఇంటి దారి ఎవడూ నేర్చుకోలేదు. ఎటు అడుగేస్తే ఇల్లో ఒక్కడికీ తెలీదు.

జొన్నమ్మ గడపలో నిలబడింది. చలి. మసక. కాసేపటికి లోపలికి వెళ్ళి సన్నికల్లు ముందు కూచుంది. పిలవకూడదన్నారు గాని, రుబ్బకూడదనలేదు. గరగర, సరసర. గరగర, సరసర. నానిన గింజలు అయిపోయాయి. వట్టి రాయి మీదే రుబ్బింది. అరచేతులు పగిలాయి. గరగర, సరసర.

ఆ చప్పుడులోనే కదా వాళ్ళు పుట్టింది. పెద్దవాడికి వినిపించింది. చెవి పెట్టుకుని నడిచి వచ్చి, గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. జొన్నమ్మ ఒక వేలు మడిచింది. రెండోవాడు వచ్చాడు, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. మూడోవాడు పాకుతూ వచ్చాడు. చిన్నాడు రాలేదు. అందరికంటే పైకెక్కి కూచున్నవాడు వాడు.

వేగుచుక్క పొడిచింది.

"ముగ్గురు చాల్లే, పొద్దుని పంపేస్తాం," అన్నాడు పాము దేవుడు.

"చాలో చాలదో రుబ్బినదాన్ని అడుగు," అంది జొన్నమ్మ. చెయ్యి ఆగలేదు గాని పొత్రం జారుతోంది, నెత్తుటికి.

అప్పుడు పెద్దవాడు వచ్చి పక్కన కూచున్నాడు. "జరుగమ్మా," అని పొత్రం తీసుకున్నాడు. అతను అలిస్తే రెండోవాడు, అతను అలిస్తే మూడోవాడు. కర్ర పిల్లలు ఎన్నడూ అలా జరగమనలేదు. ఆకాశం దేవుడు చూసి, ఇంకాస్త ఆగుదాం అన్నాడట.

ఆగారు. తూర్పు తెల్లబడుతుండగా కంచె దగ్గర అలికిడయింది. చిన్నాడే. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఒక కోతి. చప్పుడు దానికీ తెలుసు మరి. ఒకప్పుడు ఆ ఇంట్లో తిన్నదే. చిన్నాణ్ణి లోపలికి తోసి, అది మాత్రం కంచె మీదే కూచుండిపోయింది. రాలేదు. వెళ్ళనూ లేదు.

పొద్దు పొడిచింది. అదే మొదటిసారి. వాన మబ్బులు వెనక్కి పోయాయి. నలుగురికీ తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, కొండలు నిండాయి. ఇప్పటికీ అక్కడి ఆడవాళ్ళు వేకువనే రుబ్బుతారట, ఎవరైనా దారి తప్పి ఉంటారేమోనని. మీకెంత దూరం కనిపించినా సరే, అన్నం వేళకి ఇంటికి రండి. అంతే నేను చెప్పేది. కథ ఆ కొండలకి, మనం నిద్రకి.

ఏంటే వినీలా? కోతి సంగతా?

జొన్నమ్మ రొట్టెలు కాల్చింది. ఎందరొచ్చారు అని అడిగాడట పాము దేవుడు, ఆవిడ నోట వినాలని. ఆవిడ వేళ్ళు మడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కంచె వైపు చూసింది. ఐదో రొట్టె తీసుకెళ్ళి కంచె మీద పెట్టి వచ్చి, ఐదో వేలు కూడా మడిచింది.