పొట్టమీద సున్నుండలు

కాలవగట్టు మీదుండే వీరాస్వామి ఇంట్లో అందరూ మహా తెలివైనవాళ్ళు. అలాగని వాళ్ళే చెప్పేవారు. ఊళ్ళోవాళ్ళు నవ్వితే, పాపం కుళ్ళుకుంటున్నారని జాలిపడేవారు కూడా.

పెద్దకొడుకు గంగాచలం ధాన్యపు బస్తా. చిన్నవాడు తాతబ్బాయి ఈనెపుల్ల. శుక్రవారం తాతబ్బాయిని చూసుకోవడానికి పెళ్ళివారొస్తామన్నారు. పిల్ల సత్యవేణిని అతను తీర్థంలో చూసి, అప్పట్నుంచీ ఆమె మీదే ప్రాణాలు పెట్టుకున్నాడు. ఈ పుల్లని చూసి వద్దంటుందేమోనని ఒకటే దిగులు. తల్లి నూకాలమ్మ అతన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

"కడుపునిండా పెట్టమ్మా," అన్నాడు డాక్టరు. "ఒంట్లో చాలావాటికి ఒకటే దారి. ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటికి వాటంతటవే పోతాయి. ఊపిరితిత్తుల్లోని గాలి రక్తంలోకి పోయేది అలాగే. ఎవరూ తొయ్యక్కర్లేదు. మధ్యలో పొర పల్చగా, తడిగా ఉంటే చాలు."

ఇంకేముంది! నూకాలమ్మ ఇంటికి రాగానే అన్నదమ్ములిద్దర్నీ వీపుకి వీపు ఆనించి పగ్గంతో కట్టేసింది.

"పెద్దాడి కాడ కండ బోలెడుంది. చిన్నాడి కాడ లేదు. అదే పోద్ది."

"మరి అన్నమో?" అన్నాడు తాతబ్బాయి.

"ఊరికే వచ్చేదానికి అన్నం దండగ కదరా!"

సాయంత్రమైనా ఏమీ పోలేదు. వీరాస్వామి గడ్డం గోక్కుని, "తోలు మందంగా ఉందే. పల్చగుండాలన్నాడు కదా డాక్టరు," అన్నాడు. అంతే, కట్లు విప్పి, ఇద్దరి వీపులూ కొబ్బరిపీచుతో మిరపపళ్ళలా ఎర్రబడేదాకా రుద్దాడు. "తడో?" అంది నూకాలమ్మ. అంతే, మళ్ళీ కట్టి కుడితిగోలెంలో కూచోబెట్టారు. గేదె కుడితికని వచ్చి, అందులో గంగాచలాన్ని చూసి, బెదిరి తాడు తెంపుకుపోయింది. నీళ్ళలో నాని తాతబ్బాయి వేళ్ళు ముడతలు పడ్డాయి.

"కండ కదిలిందిరోయ్!" అని వీరాస్వామి ఆ ముడతలు చూసి గంతేశాడు. "ఇప్పుడు పెద్దాడికి ఇంకా ఎక్కువ చేసి, చిన్నాడికి ఇంకా తక్కువ చేశామనుకో, జోరుగా పోద్ది!"

అంతే, గంగాచలానికి గారెలూ పులిహోరా, తాతబ్బాయికి మంచినీళ్ళు. వీపు వెనక గారె నములుతున్న చప్పుడు వింటుంటే తాతబ్బాయికి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా సత్యవేణి కోసం పళ్ళబిగువున ఓర్చుకున్నాడు.

శుక్రవారం పెళ్ళివారు రానే వచ్చారు. పిల్ల తండ్రి అరుగుమీద వీపుకి వీపు కట్టేసున్న అన్నదమ్ముల మూటని చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఇందులో పెళ్ళికొడుకెవరండీ?"

"ఇటుపక్కనున్నోడండి," అన్నాడు వీరాస్వామి. "అటుపక్కనున్నది సరుకండి."

తండ్రి అప్పుడే లేచిపోయేవాడు. సత్యవేణికే జాలేసింది. తెచ్చిన సున్నుండల బుట్ట తాతబ్బాయి ఒళ్ళో పెట్టింది.

"ఇవి తినండి. మీరు తిన్నారంటే నాకిష్టమేనండి."

తాతబ్బాయి గుండె ఉబ్బిపోయింది. ఎంత మంచి పిల్ల! కానీ పాపం, సదువు లేదు.

"తినక్కర్లేదండి. ఇక్కడ బోలెడున్నాయి, లోపల ఒక్కటీ లేదు. అవే పోతాయి," అని చొక్కా ఎత్తి, పొట్ట తడిచేసుకుని, బుట్ట దానికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. అది చూసి అమ్మానాన్నలు కూడా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

వెనకనుంచి గంగాచలం చెయ్యి మెల్లగా బుట్టలోకి వచ్చింది. ఓ సున్నుండ పోయింది. మరోటి పోయింది.

"దిగుతున్నాయమ్మోయ్! బుట్ట తేలికవుతోంది!" అని తాతబ్బాయి కేకపెట్టాడు.

పిల్ల తండ్రి సత్యవేణి చెయ్యి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలో పడ్డాడు.

బుట్ట ఖాళీ అయ్యాక తాతబ్బాయి కళ్ళు తెరిచాడు. సున్నుండలు లేవు. ఎదురుగా సత్యవేణీ లేదు, ఆమె తండ్రీ లేడు. అతని మొహం వెలిగిపోయింది.

"అమ్మా! పిల్ల కూడా వచ్చేసింది!"

నూకాలమ్మ ఆనందం పట్టలేక కళ్ళొత్తుకుని, కొడుకు పొట్టకి పసుపూ కుంకుమా పెట్టి, వంగి బొడ్డు దగ్గర నోరు పెట్టింది.

"కోడలా! కొత్తలో కాస్త ఇరుకుగానే ఉంటది, సర్దుకోమ్మా! మీ నాన్నగారిక్కూడా జాగా చెయ్యి!"